నీళ్ల చరిత్ర – 6: ఆ కాగితం మీద నేనెందుకు సంతకం పెట్టలేదంటే



ఈ భాగంలో చెరువు కింద భూముల గురించి రాస్తానన్నాను. అది వచ్చే వారానికి వాయిదా. మధ్యలో ఒక గొడవ వచ్చి పడింది. ముందు దాని సంగతి తేల్చుకోవాలి.

పది రోజుల కింద ఒక యూనివర్సిటీలో మన విద్యార్థుల మీటింగుకి వెళ్లాను. మాట్లాడ్డం అయిపోయాక ఒక కాగితం నా ముందు పెట్టారు. క్యాంపస్‌లో, చుట్టుపక్కల ఊళ్లలో నీళ్ల బాటిళ్లు, క్యాన్లు నిషేధించాలని, అందరూ కొళాయి నీళ్లే తాగాలని, నీళ్లు అమ్ముకునే సరుకు కాదని ఆ కాగితం సారాంశం. మొదటి సంతకం నాది కావాలన్నారు. రెండుసార్లు చదివి పెన్ను పక్కన పెట్టేశాను.

లా చదువుతున్న ఒక చెల్లెలు గట్టిగానే అడిగింది. "అన్నా, నీళ్లు అమ్మకూడదని పేజీలకు పేజీలు రాసేది నువ్వే. సంతకం దగ్గరికొచ్చేసరికి ఎందుకు వెనక్కి తగ్గుతున్నావ్?"

అప్పటికప్పుడు నాకు జవాబు దొరకలేదు. దొరికినవన్నీ సాకుల్లా వినిపించాయి. తిరుగు బస్సులో పక్కసీటు మీద నా నీళ్ల బాటిలు నన్నే చూస్తూ కూర్చుంది. అప్పుడు చెప్పలేకపోయినదంతా ఇప్పుడు రాస్తున్నాను.

మా నాయనమ్మ దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. మాది ప్రకాశం జిల్లా పడమటి మెట్ట. ఊరి బావి గట్టుకి నాలుగు బారల దూరంలో ఒక బండ ఉండేదట. పల్లె ఆడోళ్లు ఆ బండ దగ్గర బిందెలు పెట్టుకుని నిలబడాలి. ఊరి ఆడోళ్లెవరైనా నీళ్లు తోడుకోవడానికి వస్తే "అమ్మా, ఒక్క చేద పొయ్యండమ్మా" అని అడుక్కోవాలి. పోసేవాళ్లు పైనుంచి పోస్తారు. బిందెకి చేద తగలకూడదు. తగిలితే చేద మైలపడుతుంది కాబట్టి సగం నీళ్లు నేలపాలే. ఒక్కోరోజు ఎండ నడినెత్తికి వచ్చేదాకా ఎవరూ వచ్చేవాళ్లు కాదు. నాయనమ్మకి ఆ కాలం గురించి కోపం కన్నా లెక్క ఎక్కువ గుర్తు. ఎవరు రెండు చేదలు పోసేవాళ్లు, ఎవరు ఒక్కటి పోసి మొహం తిప్పుకునేవాళ్లు, ఎవరు పాలేరుతనం బాకీ గుర్తుచేసి పోసేవాళ్లు... అన్నీ పేర్లతో సహా చెప్పేది.

అది మా ఊరి ఒక్కదాని కథ కాదని మీకు తెలుసు. బాబాసాహెబ్ స్కూల్లో దాహమేస్తే కొళాయి ముట్టుకోవడానికి లేదు. ప్యూను వచ్చి తిప్పితేనే నీళ్లు. ప్యూను రానిరోజు దాహంతోనే ఇంటికి. గమనించండి, అక్కడ కొళాయి ఉంది, అందులో నీళ్లూ ఉన్నాయి. అంటే కొళాయి అనే వస్తువుకి దానంతటదే సమానత్వం తెలియదు. దాన్ని తిప్పే చెయ్యి ఎవరిదన్నదే అసలు ప్రశ్న.

ఇప్పుడు మహద్ దగ్గరికి వద్దాం. మార్చి 20 వస్తే చాలు అందరం స్టేటస్‌లు పెట్టుకుంటాం గానీ, అందులో ఒక వివరం మన కళ్లబడదు.

1923లో బొంబాయి శాసనమండలిలో ఎస్.కె. బోలే తీర్మానం వచ్చింది. ప్రభుత్వ సొమ్ముతో కట్టిన, నడిపే చెరువులు, బావులు, సత్రాలు అంటరానివాళ్లకూ తెరవాలని. 1924లో మహద్ మునిసిపాలిటీ తన చవదార్ చెరువుని అందరికీ తెరుస్తున్నట్టు తీర్మానించింది. కాగితం మీద తెరుచుకుంది. మనిషి మాత్రం దిగలేదు, దిగనిచ్చేవాళ్లు లేరు. ముస్లింలు, క్రైస్తవులు తాగొచ్చు, పశువులు తాగొచ్చు. 1927 మార్చి 19, 20 తేదీల్లో అక్కడ మహాసభ పెట్టారు. పల్లెపల్లె నుంచీ వేలమంది నడిచొచ్చారు. అంతమందికి తాగడానికి నీళ్లు కావాలి కదా. ఊళ్లో చెరువు నిండా నీళ్లున్నాయి. అయినా సభ నడిపినవాళ్లు 40 రూపాయలు పెట్టి సవర్ణుల దగ్గర నీళ్లు కొన్నారు. ఈ సంగతి ధనంజయ్ కీర్ రాసిన అంబేద్కర్ జీవితచరిత్రలో ఉంది.

1927లో 40 రూపాయలంటే ఆషామాషీ కాదు. నీళ్లను సరుకు చేయడం ఏదో ప్రపంచీకరణ తర్వాత కంపెనీలు తెచ్చిన పాపమని మనం ఉపన్యాసాలు ఇస్తుంటాం. మనవాళ్లకు మాత్రం నీళ్లు అంతకు చాలా ముందే సరుకు. ఒక చోట డబ్బుతో, ఒక చోట వెట్టితో, ఒక చోట బతిమాలుకోవడంతో ధర కట్టారు. బండ దగ్గర నిలబడ్డ మా నాయనమ్మ కట్టిన ధరకి రసీదు లేదు, అంతే తేడా.

రెండోరోజు బాబాసాహెబ్ ముందు నడిచి చెరువు దిగి దోసిలితో నీళ్లు తాగాడు. వెనక వేలమంది తాగారు. ఆ నీళ్లు తాగకపోతే చచ్చిపోతామని కాదు, మేమూ మనుషులమేనని చాటడానికి వచ్చామని ఆయనే స్పష్టంగా చెప్పాడు. ఆ సాయంత్రం దాడులు జరిగాయి. తర్వాత సవర్ణులు 108 కుండల పంచగవ్యం చెరువులో పోసి "శుద్ధి" చేసుకున్నారు. పేడ, మూత్రం కలిపితే శుద్ధి అయ్యే నీళ్లు మన చేతులు తగిలితే చెడిపోయాయట! నీటి నాణ్యత అనే మాట విన్నప్పుడల్లా నాకు ముందు ఈ 108 కుండలే గుర్తొస్తాయి. ఆగస్టులో మునిసిపాలిటీ తన పాత తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. కేసు కోర్టుల్లో నడిచి నడిచి 1937 మార్చిలో బొంబాయి హైకోర్టులో మనం గెలిచాం. ఒక దోసెడు నీళ్లకి పదేళ్లు.

రాజ్యాంగం వచ్చాక 15(2) అధికరణం రాతపూర్వకంగా చెప్పింది: ప్రభుత్వ సొమ్ముతో పూర్తిగానో కొంతగానో నడిచే బావులు, చెరువులు, స్నానఘట్టాల దగ్గర కులం పేరుతో ఎవరినీ ఆపకూడదు. ఆ షరతుని చూడండి. ప్రభుత్వ సొమ్ముతో నడిచేవి. చట్టం ఊరి బావిని తెరిచింది, బాగుంది. ఊరేం చేసింది? ఊరి బావి వదిలేసి ఇంటింటికీ బోరు వేసుకుంది. మా ఊళ్లో నేను కళ్లారా చూశాను. నాకు ఊహ తెలిసేసరికి ఆ బావిలో చెత్త పడుతోంది. మమ్మల్ని గట్టెక్కొద్దన్నవాళ్లు లేరు, ఎందుకంటే గట్టెక్కేవాళ్లే లేరు. పల్లెకేమో వేరే బావి తవ్వించి పుణ్యం కట్టుకున్నారు. ఉన్నదాంట్లో వాటా అడిగితే "మీకు వేరే ఇస్తాంలే" అనడం మన ప్రభుత్వాలకు పాత అలవాటు.

వేరే ఇస్తే అయినా ప్రశాంతంగా తాగనిచ్చారా? కారంచేడులో 1985లో చెరువులు వేరువేరే. మాదిగపల్లెకు వాళ్ల మంచినీళ్ల చెరువు ఉంది. జూలై 16 సాయంత్రం కమ్మ యువకులు గేదెల దగ్గరి మురికినీళ్లు ఆ చెరువులోకి పోనిచ్చారు. ఇవి మేం తాగే నీళ్లని చెప్పిన కుర్రాణ్ణి కొట్టారు. నీళ్లకొచ్చిన మున్నంగి సువార్తమ్మ అడ్డుపడింది. తన మీదికి లేచిన చర్నాకోలకు ఎదురు బిందె ఎత్తింది. తెల్లారి, జూలై 17న, పల్లె మీద పడ్డారు. ఆరుగురిని చంపారు. ఆడవాళ్ల మీద అత్యాచారాలు చేశారు. బతికినవాళ్లు చీరాలకు పరుగెత్తారు. మళ్లీ ఆ ఊరు వెళ్లమన్నారు, వెళ్లలేదు. ఆ శిబిరంలోంచే దళిత మహాసభ పుట్టింది. సుప్రీంకోర్టు తుది తీర్పు 2008లో వచ్చింది, ఇరవైమూడేళ్లకి.

మా అమ్మ అప్పుడు కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల. ఆ వార్త మా పల్లెకి చేరాక కొన్నాళ్లు ఆడోళ్లు నీళ్లకి గుంపులుగానే వెళ్లేవాళ్లని చెప్తుంది. మేం చిన్నప్పుడు బిందె మీద సొట్ట పడితే ఆమె ఏమనేదో తెలుసా? "పోనీలే, బిందె కదా, దెబ్బలు తినడానికే పుట్టింది" అనేది. ఆ మాటలో కారంచేడు ఉందని నాకు చాలా ఏళ్లకు గానీ అర్థం కాలేదు.

ఇంత చెప్పాక బాటిల్ దగ్గరికి వస్తున్నాను.

బిస్లరీ బ్రాండును పార్లే కంపెనీ 1969లో కొన్నది. మొదట్లో అది పెద్ద హోటళ్ల సరుకు. మన బస్టాండ్ల దాకా రావడానికి తొంభైలు పట్టింది. నేను మొదటిసారి నీళ్ల బాటిల్ కొన్నది ఇంటర్‌లో, పరీక్షకి వెళ్తూ. నిజం చెప్తాను, ఇది నా పాఠకుల్లో కొందరికి నచ్చదు. సీలు తిప్పి మూతికి ఆనించుకుని తాగినప్పుడు నాకు సంతోషమేసింది. ఎవడూ పైనుంచి పొయ్యలేదు. ఏ గ్లాసు నాది, ఏ గ్లాసు ఊరివాళ్లది అని చూసుకోలేదు. ఆ రోజుల్లో మా ఊరి టీకొట్లో మాకు చూరులో దోపిన గ్లాసులుండేవి. తాగి మేమే కడిగి మళ్లీ దోపాలి. బాటిల్ నా కులం అడగలేదు, రూపాయలు అడిగింది. అడిగినవి ఇచ్చాను. ఆ బాటిల్‌ని నేరస్తుణ్ణి చేసే కాగితం ముందుకొస్తే నా చెయ్యి ఆగిపోవడానికి ఇదొక కారణం.

కానీ అదే బాటిల్ ఇంకో పని కూడా చేసింది. కొన్నేళ్ల కింద ఒక అధికారి మా పల్లెకి వచ్చాడు, ఇళ్ల స్థలాల విచారణకి. మా అమ్మ చెంబు కడిగి నీళ్లు తెచ్చింది. ఆయన నవ్వుతూ బ్యాగులోంచి బాటిల్ తీశాడు. "నీళ్లు మారితే నాకు పడదమ్మా" అన్నాడు. నిజంగా పడదేమో. కానీ మా అమ్మ ఆ చెంబు పట్టుకుని ఎంతసేపు నిలబడిందో నాకు తెలుసు. వెనకటికైతే "మీ ఇంట్లో తాగను" అని నోరు తెరిచి అనాలి. అంటే ఇప్పుడు కేసు అవుతుంది. బాటిల్ వచ్చాక ఏ మాటా అనక్కర్లేదు. దళితవాడలో భోజనం చేసే నాయకుల ఫొటోలు ఈసారి పరీక్షగా చూడండి, విస్తరి మనది, పక్కన బాటిల్ ఎక్కడిదో.

బస్టాండులో నన్ను విడిపించిన బాటిలే మా ఇంట్లో అంటరానితనానికి ముసుగయింది. రెండూ నిజమే. అందుకే దాన్ని మొత్తంగా మెచ్చుకోనూ లేను, మొత్తంగా తిట్టనూ లేను.

ఇక కొళాయి సంగతి. నా ఫొటోలు చూసినవాళ్లకి ఒక విషయం తెలిసే ఉంటుంది, నేను నోరు మూసుకునే నవ్వుతాను. పళ్ల మీద గోధుమరంగు చారలు. మా అమ్మకి యాభై దాటకుండానే మోకాళ్లు, నడుము పట్టేశాయి. ఇది మా బోరు నీళ్లలోని ఫ్లోరైడు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ని వైద్యులు మొదట గుర్తించి 1937లో వ్యాసం ప్రచురించింది అప్పటి మద్రాసు రాష్ట్రం, నెల్లూరు జిల్లా పల్లెల గురించి. ఇప్పటి మా ప్రకాశం ప్రాంతం అప్పుడు ఆ జిల్లాలోదే. చవదార్ చెరువు తీర్పు, ఈ వ్యాసం, రెండూ ఒకే ఏడు. నీళ్లు ముట్టుకునే హక్కు అక్కడ గెలిచిన ఏడాదే, ఇక్కడి నీళ్లలో విషం ఉందని అచ్చులో తేలింది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల ఫ్లోరైడు మించకూడదని ఇప్పటి ప్రమాణం. మాకు నది నీళ్లు తెస్తామని వెలిగొండకు 1996లో శంకుస్థాపన చేశారు. ఆనాడు పుట్టిన పిల్లలకి ఇవాళ పిల్లలున్నారు.

ఈ సందులోకి వచ్చింది క్యాను. మా ఊళ్లో ప్లాంటు దగ్గరికెళ్లి పట్టుకుంటే 10 రూపాయలు, ఇంటికి తెచ్చిపెడితే 20. వ్యాను ఊళ్లో గుమ్మం గుమ్మం దగ్గర ఆగుతుంది. పల్లెకి మాత్రం మొదట్లోనే ఆగిపోతుంది. లోపల రోడ్డు బాలేదంటాడు. రోజుకో క్యాను తాగే ఇంటికి నెలకి 300 నుంచి 600. కూలి దొరకని నెలల్లో పల్లెలో సగం ఇళ్లు మళ్లీ బోరు నీళ్లే తాగుతాయి. ఆ క్యానులో ఏముందో చూసేవాడూ లేడు. సీలు బాటిళ్ల మీద ప్రమాణాలు 2001లో తప్పనిసరి చేశాక కూడా 2003లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ పెద్ద పెద్ద బ్రాండ్ల నీళ్లలోనే పురుగుమందుల అవశేషాలు చూపించింది. సీలు లేని క్యాను సంగతి చెప్పేదేముంది. పైగా ఆర్.ఓ. ప్లాంటు మంచినీళ్లు తీసి, మిగిలిన ఉప్పు, ఫ్లోరైడు చిక్కబడిన నీళ్లని కాలవలోకి వదులుతుంది. ఆ కాలవ పల్లె పక్కనుంచే పోతుంది. ఎటు పోతుందనుకున్నారు మరి?

2014లో ఎన్టీఆర్ సుజల స్రవంతి అని 2 రూపాయలకు 20 లీటర్లు ఇచ్చే పథకం తెచ్చారు. పేరు ఏదైనా, కొళాయిలో మంచినీళ్లు ఇవ్వలేమని ప్రభుత్వమే ఒప్పుకుని క్యానుకి చవక ధర పెట్టడమే అది. తెలంగాణలో మిషన్ భగీరథ 2016లో మొదలైంది, కేంద్రం జల్ జీవన్ మిషన్ 2019లో ప్రకటించింది, మనిషికి రోజుకి 55 లీటర్లు కొళాయిలో ఇస్తామని. మా పల్లెలోనూ కొళాయిలు బిగించారు. పైపు ఊరంతా తిరిగి చివరికి మా దగ్గరికొస్తుంది. వచ్చేసరికి ధార వేలెడు లావు కూడా ఉండదు.

ఈ స్థితిలో ఉన్న పల్లెకి వెళ్లి "క్యాను నిషేధం, కొళాయి తాగండి" అని బోర్డు పెడితే అది పర్యావరణ ఉద్యమం అవుతుందా, మా అమ్మ మోకాళ్ల మీద ఇంకో దెబ్బ అవుతుందా?

నిషేధాలు పనిచేసిన చోట్లు లేవని కాదు. ఆస్ట్రేలియాలో బండనూన్ అనే చిన్న ఊరు 2009లో బాటిల్ నీళ్ల అమ్మకం మానేసింది. ఒక కంపెనీ వాళ్ల భూగర్భజలం తోడి బాటిళ్లలో అమ్ముతానంటే ఊరంతా హాలులో సమావేశమై చేతులెత్తి తీర్మానించారు. బదులుగా వీధిలో ఉచితంగా మంచినీళ్లు పట్టుకునే కొళాయిలు పెట్టారు. అమెరికాలో కాంకర్డ్ అనే పట్టణం 2013 జనవరి 1 నుంచి లీటరు, అంతకన్నా చిన్న నీళ్ల బాటిళ్లు అమ్మకూడదంది. అంతదూరం ఎందుకు, తిరుమల కొండ మీద ప్లాస్టిక్ నీళ్ల బాటిళ్లు నిషేధించారు. అడుగడుక్కీ జలప్రసాదం కొళాయిలున్నాయి కాబట్టి అది సాగుతోంది. దేవుడి కొండ మీద సాధ్యమైంది మాదిగపల్లెలో ఎందుకు సాధ్యం కాదు అంటే, సమాధానం ఇంజనీరు దగ్గర లేదు.

అదే అమెరికాలో ఫ్లింట్ అనే ఊరుంది, మిషిగన్ రాష్ట్రంలో. జనాభాలో సగానికి పైగా నల్లజాతి వాళ్లు. 2014 ఏప్రిల్‌లో ఖర్చు తగ్గించడానికి వాళ్ల కొళాయిల్లోకి ఫ్లింట్ నది నీళ్లు మళ్లించారు. పాత పైపుల్లోంచి సీసం కరిగి నీళ్లలో కలిసింది. నీళ్లు బాలేవని తల్లులు సీసాల్లో పట్టి చూపిస్తే అధికారులు బాగానే ఉన్నాయన్నారు. అదే ఏడాది అక్టోబర్లో జనరల్ మోటార్స్ కంపెనీ ఆ నీళ్లు తమ ఇంజన్ల భాగాలను తినేస్తున్నాయని చెప్పి వేరే నీళ్లకి మారిపోయింది. ఇనుముకి వచ్చిన కష్టం వెంటనే తీరింది. పిల్లలకి వచ్చిన కష్టం ఒప్పుకోవడానికే ఏడాది పట్టింది. ఆ జనం ఏళ్ల తరబడి బాటిల్ నీళ్లతో వండుకున్నారు, స్నానాలు చేశారు. వాళ్ల దగ్గరికెళ్లి బాటిల్ నిషేధం గురించి మాట్లాడగలమా?

మంచినీళ్లు వచ్చే కొళాయి అయినా దానంతటదే మనది కాదు. తమిళనాడు పుదుక్కోట్టై జిల్లా వెంగైవయల్లో 2022 డిసెంబర్లో ఎస్సీ వాడకి నీళ్లిచ్చే ఓవర్‌హెడ్ ట్యాంకులో మలం దొరికింది. పిల్లలు జబ్బుపడి ఆస్పత్రికి వెళ్తే గానీ తెలియలేదు. మన నీళ్లను మలినం చేయడం 1989 చట్టం ప్రకారం అట్రాసిటీ. కారంచేడు లాంటివి జరిగాకే ఆ చట్టం వచ్చింది.

ఇవన్నీ ఆ చెల్లెలికి ఫోన్‌లో చెప్పాను. నేను కొళాయి పక్షమే. క్యాను పల్లెకి శాశ్వత సమాధానం అని నేను ఎన్నడూ అనను. నీళ్లు కొనగలిగినవాడు కొళాయి గురించి అడగడం మానేస్తాడు, ఊరి బావిని వదిలేసినట్టే కొళాయినీ వదిలేస్తాడు. నిషేధం అక్కడ మొదలవ్వాలి. కలెక్టరేట్ మీటింగు బల్ల మీద, పంచాయతీ ఆఫీసులో, నీళ్ల శాఖ కార్యాలయాల్లో, వీసీ గదిలో. కొళాయి గురించి నిర్ణయించేవాళ్లు ఆ కొళాయే తాగాలి. అదీ పల్లె చివరి కొళాయి నుంచి పట్టిన నీళ్లు. పల్లెకి మాత్రం నిషేధం వద్దు, పరీక్ష ఫలితాలు కావాలి, నెలనెలా గ్రామసభలో చదివి వినిపించాలి.

తను అంతా విని, "సరే అన్నా, నువ్వు ఒకటి మర్చిపోయావ్" అంది. "బాటిళ్లు తాగేది ఎవరైనా, రైలు పట్టాల మీద, డంపింగ్ యార్డులో ఏరేది ఎవరు? మా అమ్మ ఏరింది. ఆ డబ్బులతోనే నా టెన్త్ ఫీజు కట్టింది. నిషేధం అడిగేవాళ్లకీ ఆమె కనపడదు, వద్దనే నీకూ కనపడలేదు."

నిజమే. ఐదు భాగాలు రాశాను, ఒక్కదాంట్లో కూడా ఆమె లేదు. ఏం చెప్పాలో తెలియక కాసేపు ఊరుకున్నాను.

నిన్న రాత్రి కొత్త కాగితం పంపారు. రెండు పేజీలైంది. ఆఫీసుల్లో బాటిళ్ల నిషేధం మొదటి పేరాలో ఉంది. పల్లె చివరి కొళాయి నీటి పరీక్ష రెండోది. బాటిళ్లు ఏరేవాళ్లకి వేరే పని, గుర్తింపు కార్డులు అని మూడోది, ఆమె రాసిందే. ఊళ్లలో క్యాన్లకి ఏడాది గడువు పెట్టాలని ఇంకో వాక్యం వదల్లేదు. దాని పక్కన మార్జిన్లో "పరీక్షలో నీళ్లు పాసయ్యాకే" అని చేత్తో రాసి, కింద సంతకం పెట్టి తిప్పి పంపాను. ఒప్పుకుంటారో లేదో చూడాలి.

వచ్చే భాగం చెరువు కింద భూములు. ఈసారి వాయిదా లేదు. మీ ఊళ్లో పైపు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో, చివరి కొళాయి ఎవరి ఇంటి ముందుందో కామెంట్లలో రాయండి. పేర్లొద్దు, ఊరూ వాడా చాలు.

జై భీమ్.